అడవి పంది బెడద: కాపలా, కంచె, కాల్పుల పర్మిషన్‌లో ఏది ఎంచుకోవాలి? కూరకు ఏ పంది మంచిది?

మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో ఒక్క రాత్రి ఒళ్లు మరచి నిద్రపోతే చాలు. తెల్లారి చేనుకు పోయి చూస్తే పది పదిహేను సాళ్లు ఒకే వైపు పడి ఉంటాయి. కంకులు సగం కొరికి, మిగతా సగం మట్టిలో తొక్కి ఉంటాయి. పంది తినేది కొంచెమే, పాడు చేసేది బోలెడు. మహారాష్ట్రలోని సిరొంచ తాలూకాలో ప్రాణహిత నది ఒడ్డున చేలున్న మాకు ఇది ఏటా ఉండే బాధే. వానాకాలంలో వరి, ఆ తర్వాత మక్క, కొందరికి పల్లి. మూడూ పందికి ఇష్టమైనవే.

ఏం చేయాలని అడిగితే ఊళ్లో తలా ఒక మాట చెబుతారు. తీగ పెట్టమంటాడు ఒకడు, చీరలు కట్టమంటాడు ఇంకొకడు, కొట్టి తినేస్తే పీడా పోతుంది, కూరా దొరుకుతుంది అంటాడు మూడోవాడు. ఇవన్నీ నేను చూసినవే, కొన్ని స్వయంగా చేసినవే. అందుకే ఏది ఎప్పుడు పనికొస్తుందో, ఏది అస్సలు ముట్టుకోకూడదో చెబుతాను. చివర్లో మాంసం సంగతి కూడా. ఎందుకంటే మా వైపు ఈ రెండు మాటలూ ఎప్పుడూ కలిసే వస్తాయి.

ముందు అది పందేనా అని చూడండి

నష్టం చూసిన పొద్దున కోపంలో చేనంతా తిరిగి అడుగుల గుర్తులు చెరిపేయకండి. కూర్చుని నేల చూడండి. ముందు రెండు గిట్టల అచ్చు, దాని వెనక కాస్త పక్కలకు జరిగి రెండు చిన్న గుర్తులు పడితే అది పంది. జింక జాతి వాటికి ఆ వెనక గుర్తులు మెత్తటి బురదలో తప్ప సాధారణంగా కనిపించవు. వరి గట్టు నాగలి పెట్టి దున్నినట్టు లేచిపోయి ఉంటే అదీ పంది పనే. పురుగుల కోసం, ఎండ్రకాయల కోసం ముట్టెతో తవ్వుతుంది. ఈ గుర్తుల ఫోటోలు అప్పుడే తీసి పెట్టుకోండి. పంచనామా అప్పుడు ఇవే అక్కరకొస్తాయి.

పంది చూపు అంత మంచిది కాదు. ముక్కు మాత్రం గొప్పది, చెవులూ చురుకే. రాత్రిళ్లే ఎక్కువ తిరుగుతుంది. ఆడపంది దాదాపు 115 రోజులు మోసి ఒక్క ఈతలో నాలుగైదు పిల్లల్ని, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పెడుతుంది. కాబట్టి ఒక దాన్ని చంపితే గుంపు తగ్గిపోతుందని అనుకోకండి. ముక్కుతో బతికే జంతువును ముక్కు దగ్గరే ఆపాలి. కింద చెప్పే వాటిలో పనిచేసేవన్నీ ఏదో ఒక రకంగా ఈ పని చేసేవే.

ముట్టుకోకూడనివి

మోటారు కరెంటును నేరుగా తీగకు కలపడం, ఉచ్చు వేయడం, పిండిలో నాటు బాంబు పెట్టడం, విషం కలపడం. ఈ నాలుగింటినీ పోలికలో పెట్టను. మా పక్క చేనులో ఒక రైతు తీగకు కరెంటు కలిపాడు. పంది పడలేదు. తెల్లవారుజామున గడ్డికి తోలుకొచ్చిన జోడెద్దుల్లో ఒకటి పడింది. ఎద్దు కాళ్లు చాపి పడి ఉంటే తాడు పట్టుకున్న పిల్లవాడు ముందుకు పోబోయాడు, వెనక నుంచి ఎవరో చొక్కా పట్టి లాగారు. ఆ ఒక్క లాగుడు లేకపోతే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు వణుకు పుడుతుంది. విదర్భలో ఇలాంటి తీగలకు మనుషులు పోయారు, పులులు కూడా పోయాయి. మా వైపు కోలామార్క అడవిలో అడవి దున్నలున్నాయి. తీగకు అది పందో దున్నో తెలియదు. పైగా లైను నుంచి దొంగగా కరెంటు లాగడం 2003 విద్యుత్ చట్టం కింద వేరే కేసు. మనిషి చనిపోతే ఇంకా పెద్ద కేసు.

కాపలా, చీరలు, వాసనలు

మంచె మీద కాపలాకు ఖర్చు తక్కువ, కష్టం ఎక్కువ. రెండెకరాల మక్క అయితే కాపలా కాయాల్సింది కంకి పట్టిన దగ్గర్నుంచి కోసేదాకా, నెల, నెలన్నర. ఇద్దరు ముగ్గురు రైతులు వంతులు వేసుకుంటే నిభాయించుకోవచ్చు. ఒక్కడే అయితే వద్దు. ఎలుగుబంటి భయం ఉంది, పులి భయం ఉంది. గాయపడ్డ పంది మీదికి వస్తే కోరతో తొడ చీల్చేస్తుంది. కుక్కను తీసుకుపోయినా పందుల మీదికి ఉసిగొల్పకండి. ముందు పోయేది కుక్క ప్రాణమే.

పాత చీరలు చుట్టూ కట్టడం మా దగ్గర అందరూ చేసేదే. కొత్తలో బాగా పనిచేస్తుంది. చీరలో మనిషి వాసన ఉంటుంది, గాలికి రెపరెపలాడుతుంది. పదిహేను రోజులకు వాసన పోతుంది, పంది అలవాటు పడుతుంది, అంచు కింద నుంచి దూరుతుంది. క్షౌరశాల నుంచి తెచ్చిన వెంట్రుకలు గట్ల మీద చల్లడం కూడా అంతే. పంది నేల మీద ముట్టె రాస్తూ నడుస్తుంది కాబట్టి వెంట్రుకలు ముక్కులోకి పోయి చికాకు పడుతుంది. కానీ ఒక్క వాన పడితే అన్నీ మట్టిలో కలిసిపోతాయి. మంచు కురిసే కాలంలో కూడా వారానికి ఒకసారి చల్లాల్సిందే. పులి అరుపుల స్పీకర్లు కూడా వచ్చాయి. నాకు వాటి మీద నమ్మకం లేదు, మొదటి వారం తర్వాత పందులు వాటి పక్క నుంచే పోతాయి.

వీటిలో నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, అంచు పంట. మక్క చుట్టూ నాలుగు సాళ్లు ఆముదం వేస్తే ఆ ఘాటులో మక్క వాసన పందికి సరిగా అందదు, ఆముదం అది తినదు. పల్లి చుట్టూ ముళ్ల కుసుమ వేస్తే ముట్టెకు గుచ్చుకుంటుంది. కాకపోతే అంచు పంటను ముందే వేయాలి. కంకి పట్టాక తొందరపడితే లాభం లేదు. దీనికి పెద్దగా ఖర్చు లేదు, గింజ కూడా చేతికొస్తుంది. అడవికి దూరంగా ఉన్న చేనుకు ఇది చాలావరకు సరిపోతుంది. అడవి అంచునే ఉన్న చేనుకు మాత్రం ఇదొక్కటే చాలదు.

మిర్చి, పత్తి చేల జోలికి పంది పెద్దగా రాదు. రెండు ముక్కల భూమి ఉన్నవాళ్లు అడవి వైపు ముక్కలో మిర్చి, ఊరి వైపు ముక్కలో మక్క వేసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. నేను గత మూడేళ్లుగా అలాగే వేస్తున్నాను.

జాలి కంచెనా, సోలార్ కంచెనా?

జాలి అంటే ఇనుప తీగల వల, ఒకసారి వేస్తే ఏళ్ల తరబడి ఉంటుంది, కరెంటు అక్కర్లేదు, రోజూ చూసుకోనక్కర్లేదు. కానీ ఖరీదు. పైగా జాలి కింది అంచును అడుగు లోతు భూమిలో పాతకపోతే పంది తవ్వి దూరిపోతుంది. కూరగాయల తోట, పసుపు, పండ్ల మొక్కలు, ఇంటి పక్క అర ఎకరం లాంటి చోట్ల జాలి మేలు. ఐదెకరాల వరికి జాలి వేయడం మన తాహతుకు మించిన పని.

ఎకరం దాటితే సోలార్ కంచే నా ఎంపిక. ఇది చంపదు. మిషన్ నుంచి సెకనుకో ఒకటిన్నర సెకనుకో ఒకసారి మాత్రమే కరెంటు దెబ్బ వెళుతుంది. వోల్టేజి వేలల్లో ఉన్నా ఆ దెబ్బ రెప్పపాటు కూడా ఉండదు. మనిషి తగిలినా ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంటాడు, అతుక్కుపోడు. లైను కరెంటుకు, దీనికి తేడా ఇదే. ఈ తేడా తెలియని పిల్లలకు, కూలీలకు చెప్పి, పసుపు రంగు హెచ్చరిక బోర్డు తప్పకుండా కట్టండి.

అమ్మేవాడు చెప్పని సంగతులు మూడున్నాయి. మొదటి ఏడాది ఇవి తెలియక నేను నష్టపోయాను. దుకాణం వాళ్లు మిషన్, బ్యాటరీ, సోలార్ పలక ఇచ్చి, ఎర్తింగ్‌కు ఒక చిన్న ఇనుప చువ్వ పెట్టి పోయారు. మాఘమాసం వచ్చి నేల ఎండేసరికి తీగ పట్టుకున్నా చీమ కుట్టినట్టే ఉండేది. పందులు హాయిగా దాటి వచ్చాయి. ఆ తర్వాత మూడు చువ్వలు, ఒక్కోటి మూడడుగుల లోతు, మధ్య మధ్య పది అడుగుల దూరం ఉంచి దింపి అన్నింటినీ కలిపాను. ఎండాకాలం వారానికోసారి అక్కడ బిందెడు నీళ్లు పోస్తాను. దెబ్బ మారిపోయింది.

రెండోది కింది తీగ ఎత్తు. ఆవుల కోసం వేసినట్టు మోకాలి ఎత్తులో వేస్తే పంది కింద నుంచే పోతుంది. నేల నుంచి జానెడు ఎత్తులో ఒకటి, దాని మీద అటూ ఇటుగా జానెడుకొకటి చొప్పున ఇంకో రెండు. పంది మొదట ముట్టెతోనే తడుముతుంది. తడిసిన ముట్టెకు దెబ్బ తగిలితే అది ఆ వైపు మళ్లీ రావడానికి చాలా రోజులు పడుతుంది.

మూడోది గడ్డి. జానెడు ఎత్తు తీగకు గడ్డి పోచలు తగలడానికి వానాకాలంలో వారం చాలు. ఒక్కో పోచ కొంచెం కొంచెం కరెంటును నేలకు దింపేస్తుంది. సాయంత్రం తీగ వెంట నడిస్తే గడ్డి తగిలిన చోట టిక్ టిక్ అని చిన్న చప్పుడు వినిపిస్తుంది. చీకట్లో అయితే చిన్న నీలం మెరుపు కూడా కనిపిస్తుంది. అక్కడ కొడవలి పెట్టండి. కలుపు తీసే ఓపిక లేనివాళ్లు సోలార్ కంచె కొనకపోవడమే మంచిది, ఆ డబ్బుతో పక్క చేనువాళ్లతో కలిసి కాపలా మనిషిని పెట్టుకోవచ్చు.

మహారాష్ట్రలో డాక్టర్ శ్యామాప్రసాద్ ముఖర్జీ జన్‌వన్ వికాస్ యోజన కింద అడవి పక్క ఊళ్లకు సోలార్ కంచెకు సబ్సిడీ ఇస్తారు. మీ ఊరు జాబితాలో ఉందా లేదా, ఈ ఏడాది ఎంత ఇస్తున్నారు అన్నది అటవీ శాఖ రేంజ్ ఆఫీసులో అడగండి. కొన్నాక అడిగితే లాభం లేదు, కొనే ముందే అడగాలి.

కాల్చడానికి పర్మిషన్

ఫోన్‌లో అమెరికాలో పందుల్ని కాల్చే వీడియోలు చూసి మన కుర్రాళ్లు అదే పని ఇక్కడ చేద్దామంటున్నారు. రెండింటికీ పోలిక లేదు. అక్కడి పందులు యూరప్ నుంచి మనుషులు తీసుకుపోగా తప్పించుకుని అడవి పాలైనవి. ఆ నేలవి కావు. టెక్సాస్‌లో 2019 సెప్టెంబర్ నుంచి సొంత భూమిలో, భూమి యజమాని అనుమతి ఉంటే, వేట లైసెన్స్ కూడా లేకుండా వాటిని కొట్టవచ్చు. మన అడవి పంది మాత్రం ఈ నేలదే. పులికి, అడవి కుక్కలకు అదే ఆహారం.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. పర్మిషన్ లేకుండా వేటాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టంలో వేట అంటే తుపాకీ ఒక్కటే కాదు. ఉచ్చు, విషం, తరమడం, ఆ ప్రయత్నం చేయడం కూడా వేటే. అటవీ హక్కుల పట్టా ఉంటే వేటకు హక్కుంటుందని కొందరు అనుకుంటారు. 2006 అటవీ హక్కుల చట్టం మిగతా సంప్రదాయ హక్కులు ఇస్తూనే వేట హక్కును స్పష్టంగా మినహాయించింది.

అయినా పంట నాశనం చేస్తున్న పందిని చంపడానికి చట్టంలోనే దారి ఉంది. మహారాష్ట్రలో 2015 ప్రభుత్వ నిర్ణయం ప్రకారం రానడుక్కర్ (మరాఠీలో అడవి పంది), రోహీల (నీల్‌గాయ్‌ల) మీద రేంజ్ అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. అర్జీ మరాఠీలో రాయండి, అందులో అడవి పంది అని కాకుండా రానడుక్కర్ అనే రాయండి, రసీదు తీసుకోండి. కాల్చేది లైసెన్స్ తుపాకీ ఉన్న మనిషే కావాలి. మన ఊళ్లలో ఎంతమందికి ఉందో మీకే తెలుసు. చచ్చిన పంది చట్టం ప్రకారం ప్రభుత్వ ఆస్తి. పంచనామా అయ్యాక దాన్ని ఏం చేయాలో అటవీ శాఖే తేల్చుతుంది, మన పొయ్యి మీదికి రాదు.

వార్తల్లో వేరే రాష్ట్రాల సంగతులు చదివి మోసపోకండి. కేరళలో 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకు ఈ పర్మిషన్ ఇచ్చే అధికారం ఇచ్చారు. ప్రాణహిత అవతల తెలంగాణలోనూ మాటలు వినిపిస్తాయి. ఇవతల గట్టున మనకు చెల్లేది మహారాష్ట్ర ఉత్తర్వే. చుట్టాలు అటూ ఇటూ ఉన్నారని రూల్సు కూడా రెండు గట్లకూ ఒకటే కావు.

నా లెక్కలో ఈ దారి చివరిది. కంచె ఉన్నా, కాపలా ఉన్నా ఒక మగపంది పదే పదే వచ్చి మనుషుల మీద పడుతుంటే అప్పుడు పెట్టండి అర్జీ. గుంపు మొత్తం బెడదకు ఇది మందు కాదు.

పరిహారం

ఏ దారి ఎంచుకున్నా పరిహారం అర్జీ మానకండి. నష్టం జరిగిన మూడు రోజుల్లోపు అటవీ శాఖకు చెప్పాలి. నేను మొదటిసారి ఐదో రోజు పోయి వట్టి చేతులతో వచ్చాను. సాత్‌బారా (భూమి రికార్డు), ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫోటోలు ఒకే సంచిలో సీజన్ మొదట్లోనే సర్ది పెట్టుకోండి. పంచనామాకు వనరక్షక్ (ఫారెస్ట్ గార్డు), తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి), వ్యవసాయ శాఖ మనిషి వస్తారు. వాళ్లు వచ్చేదాకా పడిన మొక్కలు తీసేయకండి. కౌలు రైతులు పట్టాదారు సమ్మతి పత్రం ముందే రాయించుకోవాలి.

పంటల బీమాలో కూడా మార్పు వచ్చింది. 2026 ఖరీఫ్ నుంచి అడవి జంతువుల వల్ల జరిగే నష్టాన్ని ప్రధానమంత్రి ఫసల్ బీమాలో చేరుస్తున్నట్టు కేంద్రం 2025 నవంబర్‌లో ప్రకటించింది. 72 గంటల్లోపు యాప్‌లో ఫోటోలతో తెలపాలి. ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్నది రాష్ట్రం నిర్ణయిస్తుంది కాబట్టి ప్రీమియం కట్టేటప్పుడే అడిగి తెలుసుకోండి.

కూర సంగతి

ఇక మాంసం. చాటుగా వచ్చిన అడవి పంది మాంసం, ఊళ్లో తిరిగే నాటు పంది, కొట్టంలో పెంచిన పంది. దొరికేవి ఈ మూడే.

అడవి మాంసానికి రుచి ఎక్కువ, కీళ్ల నొప్పులు పోతాయి అంటారు. నొప్పులు పోవడం వట్టి మాట. రుచి మాట పూర్తిగా అబద్ధం కాదు, కొవ్వు తక్కువగా, కండ ఎర్రగా ఉంటుంది. కానీ ముదురు మగపంది మాంసం వండేటప్పుడే ఒక వాసన కొడుతుంది, ఎంత అల్లం వేసినా పోదు. పైగా ఆ మాంసాన్ని ఏ డాక్టరూ చూసి ఉండడు. విషం తిన్నదా, బాంబుకు పడ్డదా, ఎన్ని గంటలు ఎండలో ఉందో అమ్మేవాడు చెప్పడు. కోసేటప్పుడు చేతి గాయాల నుంచి బ్రూసెల్లా సోకవచ్చు, సరిగా ఉడక్కపోతే ట్రైకినెల్లా పురుగు పట్టవచ్చు. వేటకు అడ్డు లేని టెక్సాస్‌లో కూడా దుకాణంలో అమ్మే అడవి పంది మాంసం కాల్చి తెచ్చింది కాదు. ప్రాణంతో పట్టి, కబేళాలో ఇన్‌స్పెక్టర్ చూశాకే అమ్ముతారు. ఇంటికి తీసుకుపోయే వేటగాళ్లకు కూడా చేతికి గ్లవ్స్ వేసుకోమని, లోపల 71 డిగ్రీల సెల్సియస్ వచ్చేదాకా ఉడికించమని చెబుతారు. అంత జాగ్రత్త అక్కడే ఉంటే ఇక్కడ చీకట్లో చేతులు మారిన మూట కొనడం ఎందుకు? కొన్నా కేసే, దాచినా కేసే.

ఊళ్లో తిరిగే పంది సంగతి కూడా నిజం చెప్పాలి. బద్దెపురుగు విషయంలో అడవి పంది కంటే ఇదే ప్రమాదం. బయట మలం తినే పందిలో ఆ పురుగు పిల్లలు కండలో గూడు కడతాయి. ఆ మాంసం సరిగా ఉడక్కుండా తింటే మన పేగులో పురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలంలోంచి వచ్చే గుడ్లు చేతుల ద్వారానో, కూరల ద్వారానో ఎవరి నోట్లోకి పోయినా మెదడుకు చేరి మూర్ఛ తెప్పించగలవు. పంది తినని ఇంట్లో పిల్లలకు కూడా ఇలాగే వస్తుంది.

అందుకే నేను కొనేది కొట్టంలో కట్టేసి, తవుడు, నూక, మక్క పెట్టి పెంచిన పంది. తెల్ల జాతి తొందరగా పెరుగుతుంది, ఏడెనిమిది నెలలకే కోతకొస్తుంది, కొవ్వు ఎక్కువ. నల్ల నాటుతో కలిసిన సంకరం నెమ్మదిగా పెరుగుతుంది, కండ గట్టిగా, కొవ్వు తక్కువగా ఉంటుంది. అడవి రుచి కావాలనేవాళ్లకు దగ్గరగా వచ్చేది ఇదే. మగదైతే చిన్నప్పుడే వట్టలు తీసినదా అని అడగండి, తీస్తే ఆ వాసన రాదు. సిరొంచలో ఎప్పుడూ దొరకదు, వంతెన దాటి చెన్నూరు వైపో, ఇటు అహేరి వైపో ముందే చెప్పి ఉంచాల్సి వస్తుంది. పెంచాలనుకునే కుర్రాళ్లకు జాతీయ పశుధన మిషన్‌లో యాభై శాతం సబ్సిడీ ఉంది. కానీ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ 2020లో మన దేశంలోకి వచ్చింది. అది మనుషులకు సోకదు కానీ కొట్టం మొత్తాన్ని ఊడ్చేస్తుంది, టీకా ఇక్కడ లేదు. చచ్చిన పందిని అడవి అంచున పారేయకండి, అడవి పందులకు అంటుకుంటుంది. పశువుల డాక్టరుకు చెప్పి లోతుగా పాతేయండి.

కోసే చోట నిలబడి నాలుక చూపించమని అడగండి. కోసేవాడు నాలుకను బయటికి లాగి తిప్పితే అడుగు భాగం నున్నగా, గులాబీ రంగులో ఉండాలి. బియ్యపు గింజంత తెల్లటి నీటి బుడగలు వేలికి తగిలితే డబ్బు ఇచ్చేసినా సరే, ఆ మాంసం తెచ్చుకోకండి. నాలుక శుభ్రంగా ఉన్నంత మాత్రాన పంది శుభ్రమని పూర్తి హామీ లేదు, తక్కువ పురుగులుంటే అక్కడ కనిపించకపోవచ్చు. అందుకని వండడంలో పట్టు వదలకూడదు.

ముక్కలు చిన్నగా కొట్టించి, పసుపు, ఉప్పు పట్టించి అరగంట ఉంచండి. నూనె పోయనక్కర్లేదు, కొవ్వు ముక్కలు ముందు వేస్తే అవే కరుగుతాయి. అల్లం వెల్లుల్లి, మా వైపు ఎర్ర మిర్చి కారం వేసి, చివర్లో పుంటికూర వేస్తే ఆ పులుపుకు కొవ్వు మొహం కొట్టదు. మధ్యలో ఒక పెద్ద ముక్క తీసి విరిచి చూడండి. లోపల ఎరుపు గానీ, ఎర్రటి నీరు గానీ ఉంటే ఇంకా మంట కావాలి. మాంసం ఎముకను దానంతట అది వదిలేదాకా గిన్నె దించకండి.